తప్పు లెక్క రాయమన్నప్పుడు



కామర్స్, మేనేజ్‌మెంట్, చార్టర్డ్ అకౌంటెన్సీ చదివే పిల్లలకు నీతి నేర్పడం గురించి ఈ పూట మీతో మాట్లాడతాను. ఈ మాట ఎత్తగానే పెద్దలు చాలామంది ఒక అభ్యంతరం చెబుతారు. "ఇరవై ఏళ్లు వచ్చినవాడికి మీరు కొత్తగా నేర్పే నీతి ఏముంటుందండీ? ఇంట్లో నేర్పి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు" అంటారు. అందులో కొంత నిజం ఉంది. దొంగతనం తప్పని బీకాం మూడో ఏట ఎవరూ కొత్తగా తెలుసుకోరు. అయితే లెక్కల పుస్తకాల్లోకి తప్పు దొంగతనం వేషంలో రాదు. పైవాళ్ల నోటి వెంట, మర్యాదగా, ఒక చిన్న పనిగా వస్తుంది. "ఈ ఎంట్రీ ఇలా వెయ్యమ్మా", "ఆ బిల్లు మార్చి నెల తేదీతో పెట్టు బాబూ" అని వస్తుంది. అప్పుడు ఏం మాట్లాడాలో, ఎవరి దగ్గరికి వెళ్లాలో ఇంట్లో ఎవరూ నేర్పరు. అది నేర్పవలసినవాళ్లం అకౌంట్స్ చెప్పే మాస్టర్లమే. నేర్పడం సాధ్యమే కూడా. నేను చెప్పదలచింది ఇదే.

దీనికి పాఠం వెతుక్కుంటూ ఎక్కడికో వెళ్లనక్కరలేదు. 2009 జనవరి 7న హైదరాబాదులో సత్యం కంప్యూటర్ సర్వీసెస్ చైర్మన్ రామలింగరాజు గారు తమ డైరెక్టర్ల బోర్డుకు ఒక లేఖ రాశారు. 2008 సెప్టెంబరు 30 నాటి బ్యాలెన్స్ షీటులో నగదు, బ్యాంకు నిల్వలుగా చూపిన 5,361 కోట్ల రూపాయల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు. లేని డబ్బు మీద 376 కోట్లు వడ్డీ రావలసి ఉన్నట్టు రాశారు. ఉన్న అప్పు 1,230 కోట్లు పుస్తకాల్లో లేదు. ఆ తేదీతో ముగిసిన మూడు నెలల్లో నిజమైన ఆదాయం 2,112 కోట్లయితే 2,700 కోట్లని చూపారు. నిర్వహణ లాభం నిజానికి 61 కోట్లు, చూపింది 649 కోట్లు. మొదట చిన్నదిగా ఉన్న తేడా ఏళ్లు గడిచేకొద్దీ పెరిగి అదుపు తప్పిందని ఆయనే ఆ లేఖలో రాసుకున్నారు.

ఆ ఒక్కరోజే షేరు ధర నాలుగింట మూడొంతులకు పైగా పడిపోయింది. దాచుకున్న సొమ్ముతో ఆ షేర్లు కొన్న మధ్యతరగతి ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. కంపెనీలో పనిచేసే 50 వేల మందికి పైగా ఉద్యోగుల ఇళ్లలో వచ్చే నెల జీతం వస్తుందా అన్న బెంగ మొదలైంది. కొద్ది రోజుల్లోనే కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును పక్కన పెట్టి కొత్త డైరెక్టర్లను నియమించింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని తీసుకోవడంతో అది నిలబడింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం 10 మందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల జైలుశిక్ష విధించింది. వారు అప్పీలు చేసుకోగా, ఆ మరుసటి నెలలోనే పై కోర్టు శిక్ష అమలును నిలిపి బెయిలు ఇచ్చింది.

ఈ కథ మా పిల్లలకు చెప్పేటప్పుడు నేను అంకెల దగ్గర కన్నా ఒక ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఆ లెక్కలు తయారుచేసినవాళ్లకు, చూసినవాళ్లకు, సంతకాలు పెట్టినవాళ్లకు తెలియని విషయం ఏముంది? బోర్డులో పేరుమోసిన మేనేజ్‌మెంట్ ఆచార్యులున్నారు. సక్రమమైన కార్పొరేట్ పాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ పురస్కారం ఆ కంపెనీకి వచ్చింది 2008లోనే. ఆడిట్ చేసింది ప్రపంచమంతా తెలిసిన పేరుతో నడిచే సంస్థ. బ్యాంకు నిల్వను ఎలా నిర్ధారించుకోవాలో సీఏ ఇంటర్ చదివే కుర్రవాడు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆడిటరే నేరుగా బ్యాంకుకు రాయాలి, బ్యాంకు నేరుగా ఆడిటరుకే జవాబివ్వాలి, మధ్యలో కంపెనీ చెయ్యి ఉండకూడదు. ఆడిటింగులో ఓనమాల పాఠం ఇది. సత్యం విషయంలో ఈ పనిని పూర్తిగా కంపెనీ యాజమాన్యం చేతికే వదిలేశారని అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2011లో ఇచ్చిన ఉత్తర్వులో తప్పుపట్టింది. 6,000కు పైగా దొంగ ఇన్‌వాయిస్‌లు తయారయ్యాయని కూడా అదే కమిషన్ ఆరోపించింది.

ఒక్క మనిషి కూర్చుని ఇన్ని వేల ఇన్‌వాయిస్‌లు చెయ్యలేడు. బ్యాంకు కాగితాలు దిద్దాలన్నా, ఎంట్రీలు వెయ్యాలన్నా, ఫైళ్లు సర్దాలన్నా చాలామంది చేతులు కావాలి. ఆ చేతుల్లో కొన్నింటికి తాము చేస్తున్నది తప్పని తెలిసే ఉంటుంది. ఏదో ఒక సాయంత్రం, ఏదో ఒక టేబుల్ ముందు, "ఇదేమిటి సార్?" అని ఒకరు అడగవలసింది. ఆ ప్రశ్న సమయానికి రాలేదు, వచ్చినా నిలబడలేదు. వాళ్లకు చదువు తక్కువై కాదు. ఆ ప్రశ్న అడగడం వాళ్లకు ఎవరూ అలవాటు చేయలేదు.

ఇప్పుడు మన తరగతి గదుల్లోకి వద్దాం. నీతి పాఠం మన సిలబస్‌లో లేదని అనడానికి వీల్లేదు. ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్ కాలేజీల్లో మానవ విలువలు, వృత్తి నైతికత పేరుతో పేపర్లున్నాయి. సీఏ ఇంటర్‌లో ఒక పేపరు పేరే ఆడిటింగ్ అండ్ ఎథిక్స్. 1949లో ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ తన సభ్యులకు నైతిక నియమావళి ఇచ్చింది. నిజాయతీ, పక్షపాతం లేకపోవడం, వృత్తి సామర్థ్యం, గోప్యత, వృత్తి గౌరవానికి తగిన నడత అనే అయిదు మూలసూత్రాలు అందులో ఉన్నాయి. ఆ సూత్రాలకు ఎటునుంచి ముప్పు వస్తుందో కూడా రాసి ఉంది. సొంత లాభం నుంచి, తన పనిని తనే తనిఖీ చేసుకోవడం నుంచి, క్లయింటు తరఫున వకాల్తా పుచ్చుకోవడం నుంచి, అతి చనువు నుంచి, బెదిరింపు నుంచి.

మంచి సూత్రాలు. కాచి వడబోసినవి. కానీ మేము వాటిని ఎలా చెబుతున్నాం? అయిదు సూత్రాలు, అయిదు ముప్పులు, ఒక్కొక్కదానికి రెండు వాక్యాల వివరణ, అయిదు మార్కులు. పిల్లలు మొదటి అక్షరాలు కలిపి ఒక మాటగా గుర్తుపెట్టుకుని పరీక్షలో దించి వస్తారు. బెదిరింపు వల్ల వచ్చే ముప్పు అంటే ఏమిటో నిర్వచనం రాసి నూటికి ఎనభై తెచ్చుకున్న అమ్మాయి, ఆరు నెలలు తిరక్కుండానే ఆర్టికల్‌షిప్ అనే సీఏ శిక్షణలో ఒక మేనేజరు గొంతు పెంచితే ఏం చెప్పాలో తెలియక తల వంచుకుంటుంది. ఆ నిర్వచనం ఆమె నోటికి మాట ఇవ్వలేదు.

మనిషి తప్పులోకి ఎలా జారతాడో అర్థం చేసుకుంటే ఏం నేర్పాలో తెలుస్తుంది. డొనాల్డ్ క్రెసీ అనే అమెరికా పండితుడు, నమ్మి అప్పగించిన డబ్బు వాడుకుని జైలుకు వెళ్లినవాళ్లతో మాట్లాడి 1953లో ఒక పుస్తకం రాశాడు. వాళ్లలో చాలామంది ఆ పని చేసేటప్పుడు తమను తాము దొంగలుగా అనుకోలేదు. "అప్పుగా తీసుకుంటున్నాను, తిరిగి పెట్టేస్తాను" అని తమకు తాము చెప్పుకున్నారు. ఎవరికీ చెప్పుకోలేని డబ్బు ఇబ్బంది, అందుబాటులో ఉన్న అవకాశం, మనసుకు చెప్పుకునే సాకు, ఈ మూడూ కలిసినప్పుడే తప్పు జరుగుతుందన్నది ఆయన పరిశీలన. ఇబ్బందిని మేము తీర్చలేం. అవకాశాన్ని తగ్గించడం కంపెనీల పని. మూడోదైన ఆ సాకును తరగతి గదిలో పట్టుకోవచ్చు. సాకు పుట్టేది మాటల్లోనే కాబట్టి దానికి జవాబు కూడా మాటల్లోనే నేర్పవచ్చు.

ఈ సందర్భంలో అమెరికాలో జరిగిన వరల్డ్‌కామ్ ఉదంతం తప్పక చెప్పుకోవాలి. అది పెద్ద టెలిఫోను కంపెనీ. మిసిసిపీ రాష్ట్రంలోని క్లింటన్‌లో దాని కార్యాలయం. అక్కడ అకౌంట్స్ విభాగంలో బెటీ విన్సన్ అనే మధ్యస్థాయి ఉద్యోగిని ఉండేది. 2000 అక్టోబరులో ఆమెకు పైనుంచి ఒక ఆదేశం వచ్చింది. ఇతర టెలిఫోను కంపెనీలకు కట్టవలసిన ఖర్చు అంచనాకు మించిపోయింది కాబట్టి, వేరే అవసరాలకు పక్కన పెట్టిన నిధుల నుంచి 82 కోట్ల 80 లక్షల డాలర్లు తీసి ఆ ఖర్చు తగ్గినట్టు చూపమన్నారు. అది తప్పని ఆమెకు తెలుసు. నలిగిపోయింది. రాజీనామా చేద్దామనుకుంది. పెద్ద అధికారి పిలిచి, ఈ ఒక్కసారికి గట్టెక్కితే చాలని, బాధ్యత తనదేనని నచ్చజెప్పాడు. ఇంటికి ప్రధాన ఆదాయం ఆమె జీతమే. ఎంట్రీలు వేసింది. తరువాతి మూడు నెలల లెక్కలకూ అదే ఒత్తిడి వచ్చింది, ఆ తరువాతా వచ్చింది. 2001 నుంచి రోజువారీ ఖర్చునే ఆస్తిగా మార్చి రాయడం మొదలైంది. ఆ ఒక్కసారి అనే మాటకు అంతే లేకపోయింది.

అదే కంపెనీలో అంతర్గత ఆడిట్ విభాగానికి అధిపతి సింథియా కూపర్. 2002లో ఆమె జట్టుకు ఆస్తుల పద్దుల్లో ఆధారాలు లేని మొత్తాలు కనిపించాయి. ఎవరి కంటా పడకుండా రాత్రిళ్లు కూర్చుని వెతికారు. ఆ ఆడిట్‌ను వాయిదా వెయ్యమని ఆర్థిక విభాగాధిపతి అడిగినా ఆమె ఆపలేదు. నేరుగా బోర్డులోని ఆడిట్ కమిటీ దగ్గరికి వెళ్లింది. ఆధారాలు చూపమని కూపర్ అడిగినప్పుడు, ఎంట్రీలు తనే వేశానని, ఆధారాలేవీ లేవని విన్సన్ నిజం చెప్పేసింది. 2002 జూన్ 25న 380 కోట్ల డాలర్ల తప్పుడు లెక్కలు బయటపడ్డాయి. చివరికి మొత్తం 1,100 కోట్ల డాలర్ల దాకా తేలింది. కంపెనీ అధినేతకు 2005లో 25 ఏళ్ల జైలుశిక్ష పడింది. చెప్పిన ఎంట్రీ వేసిన బెటీ విన్సన్‌కు 5 నెలల జైలు, మరో 5 నెలల గృహనిర్బంధం.

ఈ ఇద్దరు స్త్రీల కథను పక్కపక్కన పెట్టి చెబితే తరగతి గది నిశ్శబ్దమైపోతుంది. ఎందుకంటే విన్సన్ చెడ్డ మనిషి కాదని పిల్లలకు తెలుస్తూనే ఉంటుంది. ఆమె స్థానంలో తమ అక్కనో అమ్మనో ఊహించుకోగలరు. ఆమెకు తప్పొప్పుల తేడా తెలుసు. అయినా ఆ రోజు అధికారి గదిలో ఆమె చేతిలో రాజీనామా, సమ్మతి అనే రెండు దారులే ఉన్నట్టు తోచింది. కూపర్‌కు మూడో దారి తెలుసు. ఎవరిని అడగాలి, ఏ కాగితం చూపమనాలి, ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నది తెలుసు. ఆ మూడో దారిని నేర్పడమే నీతి పాఠం.

మేరీ జెంటిలీ అనే అమెరికన్ ఆచార్యురాలు దాదాపు ఇదే ఆలోచన మీద ఒక బోధనా పద్ధతిని తయారు చేశారు. 2010లో వచ్చిన ఆమె పుస్తకం ఎన్నో మేనేజ్‌మెంట్ కళాశాలల్లో వాడుకలో ఉంది. ఏది ఒప్పు, ఏది తప్పు అని క్లాసులో వాదులాడటం కొంతవరకే పనికొస్తుందంటారామె. ఒప్పేదో తెలిసిపోయిందనే అనుకుందాం, ఇప్పుడు ఆ మాట ఎవరితో, ఎప్పుడు, ఎలా అంటావు అన్నదే అసలు ప్రశ్న అంటారు. నాటకం వేసేవాళ్లు రంగస్థలం ఎక్కేముందు పదిసార్లు రిహార్సల్ చేసినట్టు ఆ మాటను ముందే నోటితో అని చూసుకోవాలి.

మన పిల్లలకు పనికొచ్చేలా క్లాసులో ఇచ్చే ఒక సమస్య చెబుతాను. గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి. కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకు మీద బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. బ్యాంకుకు ఇచ్చిన స్టాకు స్టేట్‌మెంటులో 6,000 టిక్కీలు, అంటే బస్తాలు, ఉన్నాయి. ఆడిట్ తరఫున ఆర్టికల్ చేసే అమ్మాయి లెక్కించడానికి వెళ్లింది. వరసలు లెక్కపెట్టింది. 4,200 టిక్కీలు తేలాయి. మేనేజరు నవ్వుతూ టీ తెప్పించి అంటాడు: "మిగతా పద్దెనిమిది వందలు దారిలో ఉన్నాయమ్మా, సోమవారానికి దిగుతాయి. ఆరు వేలని రాసెయ్యి, మీ సార్‌తో నేను మాట్లాడతాలే." ఇప్పుడు నువ్వే ఆ అమ్మాయివి. ఏమంటావు?

మొదటిసారి అడిగినప్పుడు జవాబులు రెండే రకాలుగా వస్తాయి. కొందరు సినిమా హీరోల్లా "నేను సంతకం పెట్టను, పోలీసులకు చెబుతాను" అంటారు. కొందరు మెల్లగా "సార్‌తో మాట్లాడతానన్నాడు కదా, రాసేస్తాను" అంటారు. ఈ రెండింటికీ మధ్య ఉన్న చోటును పిల్లలచేత వెతికించడమే మాస్టరు పని. కాసేపటికి ఒకరెవరో దారి పట్టుకుంటారు. "సార్, లారీ రశీదులు, కాటా చీటీలు ఉంటే ఇవ్వండి, దారిలో ఉన్న సరుకని విడిగా రాస్తాను. ఇక్కడ నేను చూసింది 4,200 టిక్కీలు, ఈ షీటులో అదే రాయాలి" అంటారు. బాగుంది. అందులో కోపం లేదు, నింద లేదు, అబద్ధమూ లేదు. మేనేజరు వేషం వేసిన కుర్రవాడు అంతటితో వదలడు. "ఇన్నేళ్లుగా మీ ఆఫీసు వాళ్లు ఇలాగే రాస్తున్నారు, నువ్వేమిటి కొత్తగా" అంటాడు. దానికీ జవాబు వెతకాలి. ఆ తరువాత ఆ అమ్మాయి బయటికి వచ్చి ఆఫీసులో సార్‌కు ఫోను చేయాలి. ఏ మాటతో మొదలుపెట్టాలి? వర్కింగ్ పేపరులో ఏం రాసుకోవాలి? సార్ కూడా సర్దుకుపొమ్మంటే ఎవరిని అడగాలి? ఒక్క గంట సరిపోదు. కానీ ఆ గంటలో వాళ్లు నేర్చుకున్నది ఏ నోట్సులోనూ దొరకదు.

తప్పు లెక్క రాయించాలనుకునేవాళ్లు వాడే మాటలు నిజానికి చాలా తక్కువ. జెంటిలీ వాటిని నాలుగు రకాలుగా చెప్పారు. "అందరూ చేసేదే" అన్నది మొదటిది. అందరూ చేసేదే అయితే ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వవచ్చు కదా, బ్యాంకుకు చెప్పి చెయ్యవచ్చు కదా అని అడగడం నేర్పాలి. "ఇంత చిన్నదానికి ఏమవుతుంది" అన్నది రెండోది. చిన్నదే అయితే సరిచేయడం కూడా సులువే. సత్యంలో తేడా మొదలైంది చిన్నదిగానే అన్న సంగతి మన పిల్లలకు గుర్తు చేయాలి. "నీ బాధ్యత కాదు, నేను చూసుకుంటాను" అన్నది మూడోది. ఎంట్రీ వేసిన చెయ్యి ఎవరిదో చట్టం అడుగుతుందని బెటీ విన్సన్ కథ చెబుతుంది. "కంపెనీ మీద నీకు అభిమానం లేదా, మన వాళ్లకు నష్టం చేస్తావా" అన్నది నాలుగోది. మన సమాజంలో అన్నింటికన్నా బరువైన మాట ఇదే. మనవాళ్లు అనే మాటకు మన పిల్లలు కరిగిపోతారు. కంపెనీ అంటే పై గదిలో కూర్చున్న నలుగురే కాదు, జీతాల మీద బతికే వేలమంది, నమ్మి డబ్బు పెట్టినవాళ్లు, అప్పిచ్చిన బ్యాంకులో పొదుపు దాచుకున్న రైతులు కూడా మనవాళ్లేనని వాళ్లకు చెప్పాలి.

ఇక్కడ మనదైన ఒక చిక్కు ఉంది. పెద్దలకు ఎదురు చెప్పకూడదని మనం పిల్లల్ని పెంచుతాం. అది మంచి పెంపకమే. కానీ ఆఫీసులో మేనేజరును ప్రశ్న అడగడం కూడా ఎదురు చెప్పడమేనని చాలామంది పిల్లలు, అందులోనూ పల్లెల నుంచి వచ్చి ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్నవాళ్లు, అనుకుంటారు. ఇంటి దగ్గర చదువు కోసం చేసిన అప్పు ఉంటుంది, ఉద్యోగం పోతే ఎలా అన్న భయం ఉంటుంది. ఆ భయాన్ని మనం తేలిగ్గా తీసిపారేయకూడదు. గౌరవం పోకుండా ప్రశ్న ఎలా అడగాలో నేర్పాలి. "సార్, ఇది నాకు అర్థం కాలేదు, దీనికి ఆధారం ఏదో చూపిస్తే రాసుకుంటాను" అనే ఒక్క వాక్యం అలవాటైతే చాలా దూరం పనికొస్తుంది. అది వినయంగా అన్న మాటే, కానీ అన్నవాడి నిజాయతీని కాపాడుతుంది.

ముందుగా ఎందుకు అభ్యాసం చెయ్యాలంటే, ఒత్తిడిలో ఉన్న మనిషికి తనకు తెలిసిన మంచి కూడా గుర్తుకురాదు. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. మత గురువులు కాబోతున్న విద్యార్థులను ప్రసంగం చేయడానికి ఒక భవనం నుంచి మరో భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉన్నాడు. తీరిక ఉన్నవాళ్లలో 63 శాతం మంది ఆగి ఏమైందని చూశారు. ఆలస్యమైపోయిందని తొందరపెట్టి పంపినవాళ్లలో ఆగింది 10 శాతం మందే. ఆపదలో ఉన్న బాటసారికి సాయపడిన మనిషి కథ మీదే ప్రసంగించడానికి వెళుతున్నవాళ్లు కూడా తొందరలో దాటుకుపోయారు. ఆడిట్ నివేదికల గడువు సెప్టెంబరు 30 దగ్గరపడుతుంటే మన ఆడిట్ ఆఫీసులు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకు ఈ ప్రయోగం అర్థం వివరించి చెప్పనక్కరలేదు. రాత్రి పదింటికి, ఇరవయ్యో ఫైలు ముందు, నిద్రమత్తులో ఉన్న కుర్రవాడు నీతిశాస్త్రాన్ని తలచుకోడు. ముందే పదిసార్లు అనుకున్న వాక్యమైతే నోటికి వస్తుంది.

చట్టాలున్నాయి కదా, అవి చాలవా అని కొందరు అడుగుతారు. సత్యం తరువాత చట్టం గట్టిపడిన మాట నిజమే. 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల్లో ఆడిట్ సంస్థను రెండు అయిదేళ్ల గడువుల తరువాత మార్చాలంది. ఆడిటరు కంట మోసం పడితే తెలియజేయడం విధి చేసింది. అది కోటి రూపాయలు, అంతకు మించినదైతే కేంద్ర ప్రభుత్వానికే తెలియజేయాలి. తప్పు చూసిన ఉద్యోగి భయం లేకుండా చెప్పుకోవడానికి లిస్టెడ్ కంపెనీల్లో ఏర్పాటు ఉండాలంది. 2018లో జాతీయ ఆర్థిక నివేదనా ప్రాధికార సంస్థ వచ్చింది. ఇవన్నీ కావలసినవే. వీటిని పిల్లలకు సెక్షన్ నంబర్లుగా కాక, ఆపదలో తట్టవలసిన తలుపులుగా చెప్పాలి. అయితే ఏ చట్టమైనా కదలాలంటే ముందు ఒక మనిషి నోరు విప్పాలి. విప్పినవాళ్లందరికీ సన్మానాలు జరగవు. ఉద్యోగం పోవచ్చు, మిత్రులు దూరం కావచ్చు. ఈ నిజాన్ని కూడా పిల్లలకు దాచకుండా చెప్పాలి. నిజాయతీకి ఎప్పుడూ లాభమే అని బొంకితే, మొదటి దెబ్బకే వాళ్లకు మన పాఠం మీద నమ్మకం పోతుంది.

చివరగా, కష్టమైనా చెప్పక తప్పని మాట ఒకటుంది. పిల్లలు మనం చెప్పే పాఠం కన్నా మన కాలేజీని ఎక్కువ చదువుతారు. ఇంటర్న్‌షిప్ చెయ్యకుండానే చేసినట్టు సర్టిఫికెట్టు తెచ్చుకోనిస్తున్నాం. సెంటర్లలో కొనుక్కొచ్చిన ప్రాజెక్టు రిపోర్టు మీద సంతకాలు పెడుతున్నాం. తనిఖీకి కమిటీ వస్తుందంటే పాత తేదీలతో రికార్డులు రాయిస్తున్నాం. ఆఫీసు మొహం చూడకుండా కోచింగుకు వెళుతూ కాగితం మీద మాత్రం నడిచే డమ్మీ ఆర్టికల్‌షిప్ గురించి తెలియనివాళ్లు లేరు. లేని ఉద్యోగానుభవాన్ని ఉన్నట్టు చూపే కాగితాలు మన నగరాల్లో డబ్బు పెడితే దొరుకుతున్నాయి. వీటన్నింటి మధ్య పెరిగిన కుర్రవాడిని, ఉద్యోగంలో చేరిన మర్నాడే దొంగ ఇన్‌వాయిస్ చూసి ఉలిక్కిపడమంటే ఎలా? తొలి తప్పుడు ఓచరు అతనిచేత మనమే రాయించాం. నీతి పాఠానికి ఒక గంట కేటాయించే ముందు ఆ కాలేజీ తన రికార్డులను నిజంగా రాసుకోవాలి.

అందుకని నా విన్నపాలు ఇవి. కామర్స్, మేనేజ్‌మెంట్ అధ్యాపక మిత్రులారా, నీతిని ఒక పేపరుకు అప్పగించి మనం చేతులు దులుపుకోవద్దు. కాస్టింగ్ చెప్పేటప్పుడు, పన్నుల పాఠం చెప్పేటప్పుడు, ఆడిటింగులో స్టాకు లెక్క చెప్పేటప్పుడు అక్కడే ఒక ప్రశ్న ఇవ్వండి, పిల్లలచేత నోటితో జవాబు చెప్పించండి. మార్కులు ఆ మాటకు వెయ్యండి. ఆర్టికల్స్‌ను తీసుకునే చార్టర్డ్ అకౌంటెంట్లకు నా మనవి. మీ దగ్గర చేరిన మొదటి రోజే ఆ పిల్లలతో ఒక మాట చెప్పండి: "నువ్వు కళ్లతో చూసిందే రాయి, ఎవరేమన్నా నాకు ఫోన్ చెయ్యి, నేను నీ వెనక ఉంటాను." ఆ మాట నిలబెట్టుకోండి. తల్లిదండ్రులారా, మొదటి జీతం ఎంతని అడగడంతో పాటు, ఆఫీసులో ఎలాంటి పని చేయిస్తున్నారని కూడా పిల్లల్ని అడగండి. ఏదో తప్పు జరుగుతోందని వాళ్లు చెబితే, సర్దుకుపొమ్మనకండి, కూర్చోబెట్టుకుని వినండి.

ఇక విద్యార్థులకు. మీ సంతకాన్ని నమ్మి బ్యాంకు అప్పిస్తుంది, ఎక్కడో ఒక రిటైరైన మాస్టారు తన పొదుపు పెడతాడు. అర్థం కాని ఎంట్రీ వెయ్యకండి, చూడని సరుకు రాయకండి, ఆధారం అడగడానికి సిగ్గుపడకండి. అడగవలసిన మాటను ఇవాళే మీ స్నేహితులతో కూర్చుని సాధన చెయ్యండి.